రెప్ప వాలని కునుకు

'ఆకుల్లోని పత్రహరితం సూర్యరశ్మిని గ్రహించి గొడుగు పడవలో మరిచిపోయి'

ఈ వాక్యం రాసింది నేనే. రాజోలు దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో, తొమ్మిదో తరగతి నల్లబల్ల మీద, అందరూ మెచ్చుకునే నా గుండ్రటి అక్షరాలతో రాశాను. డెబ్భైల చివరి మాట ఇది. నేను సైన్సు టీచరుగా చేరి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు.

వెనక కిసుక్కున నవ్వు వినిపించింది. ముందు ఎవరో ఒకళ్ళు, ఆ తర్వాత వరసంతా. జడకి సుద్దపొడి అంటుకుందేమోనని తడుముకున్నాను. ముందు బెంచీలో అమ్మాయి లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది.

"టీచర్, గొడుగెందుకండి?"

బల్ల వైపు తిరిగి చదువుకున్నాను. 'గ్రహించి' వరకూ రాసినట్టు నాకు గుర్తుంది. ఆ తర్వాత మాటలు నావి కావు. అక్షరాలు మాత్రం నావే. ఒక్క కొమ్ము వంకర పోలేదు, ఒక్క దీర్ఘం తప్పిపోలేదు. పొద్దున్న కాలవ దాటేటప్పుడు నిజంగానే గొడుగు మరిచిపోయానా అంటే అదీ కాదు. నా గొడుగు కుర్చీకి ఆనించి అక్కడే ఉంది.

"గొడుగు లేకపోతేనే కదా సూర్యరశ్మి తగిలేది!" అని, గబగబా తుడిచేసి పాఠంలో పడ్డాను. పిల్లలు ఇంకా నవ్వారు. ఆ పూట అలా గట్టెక్కాను కానీ సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ వాక్యమే కళ్ళముందు ఆడింది. ఇన్నాళ్ళూ నా తల వాలడం, కళ్ళు మూతపడడం ఇతరులు చూసి చెప్పిందే. ఇది మాత్రం నేను లేనప్పుడు నా చెయ్యి రాసిపెట్టిన మాట.

నాకు ఈ కునుకులు పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో మొదలయ్యాయి. ఆదివారం గుళ్ళో పాస్టరుగారి ప్రసంగం సగంలో ఉండగా తల ఛాతీ మీదికి జారిపోయేది. అమ్మ మోచేత్తో పొడిచేది. ప్రార్థనకి మోకరిస్తే మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు, భక్తి ఎక్కువనుకునేవారు. రాత్రి ఎంత నిద్రపోయినా పగలు ఇదే వరస. బళ్ళో 'నిద్రమొహం' అని పేరు పడింది.

మా తాతముత్తాతలు పరాయి చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. నాన్న చదువుకుని ఎలిమెంటరీ స్కూలు మాస్టరయ్యారు. నేను డిగ్రీ చదవాలని అందరికన్నా ముందు ఆయనే అనుకున్నారు. అలాంటి ఇంట్లో పుస్తకం ముందు తూగడం చిన్న సంగతి కాదు. నేను కూర్చుని చదవడం మానేశాను. కొబ్బరి తోటలో ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తూ చదివాను. బుగ్గన అల్లం ముక్క పెట్టుకుని నమిలేదాన్ని. ఎడమచెయ్యి మీద గిల్లుకున్న మచ్చలు ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. అమలాపురం కాలేజీలో బీయస్సీ, తర్వాత బీయీడీ, రెండూ అలాగే నడుస్తూ ఫస్టు క్లాసులో పాసయ్యాను. నేను బద్ధకస్తురాలినని ఎంతమంది అన్నా ఏ రోజూ నమ్మలేదు. బద్ధకస్తులెవరూ నాలా అంత దూరం నడిచి చదవరు.

పెళ్ళయ్యాక మా ఆయన మస్కట్‌లో ఎలక్ట్రీషియన్ పనికి వెళ్ళారు. కాలవ గట్టు పక్కన పెంకుటింట్లో నేనూ, మా అత్తగారూ ఉండేవాళ్ళం. ఆవిడ వయసులో ఉండగా ఊడ్పులకి వెళ్ళి వచ్చిన మనిషి. పొడుగ్గా, నిటారుగా ఉండేది. ఎవరి నడక ఎలా ఉంటుందో, ఎవరి మాట ఎలా ఉంటుందో దించేసేది. ఒకరోజు నేను బిందెతో నీళ్ళు తెస్తుంటే, గుళ్ళో చందాలు పోగుచేసే పెద్దాయన ముక్కుతో ఎలా మాట్లాడతాడో చేసి చూపించింది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే మోకాళ్ళు రెండూ సడలిపోయాయి. బిందె అటూ, నేనిటూ పడ్డాం. మెలకువగానే ఉన్నాను, అన్నీ వినబడుతున్నాయి, లేవడానికి మాత్రం కాళ్ళలో సత్తువ లేదు. కాసేపటికి అదే సర్దుకుంది.

"రక్తం లేదు నీకు," అని తేల్చేసింది అత్తగారు. మర్నాటి నుంచి మునగాకు, గుడ్లు, బెల్లం, ఏది దొరికితే అది తినిపించింది. ఒళ్ళు వచ్చింది కానీ కునుకులు తగ్గలేదు. నవ్వు వస్తే ముందు గోడ పట్టుకోవడం మాత్రం అలవాటు చేసుకున్నాను. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని నాకు గాని, ఆవిడకి గాని తోచలేదు.

గొడుగు సంగతి జరిగిన మరుసటి ఏడాది, పదో తరగతికి ప్రయోగం చేసి చూపిస్తున్నాను. గాజు నాళికని చెక్క పట్టుకర్రతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద వేడి చేస్తూ, లోపల రంగు ఎలా మారుతోందో చూడమన్నాను. ఆ తర్వాత నాకు తెలిసింది ఒళ్ళంతా చన్నీళ్ళు. వెనక బెంచీ అమ్మాయి బకెట్టెడు నీళ్ళు నా మీద గుమ్మరించింది. మణికట్టు భగ్గుమని మండింది. పైట చెంగు అంచు నల్లగా కాలి, నీళ్ళు కారుతోంది.

పిల్లలు బిక్కచచ్చిపోయారు. నీళ్ళు పోసిన అమ్మాయి ఏడుస్తోంది.

"మంచి పని చేసేవమ్మా," అన్నాను. "ఏం జరిగిందో చెప్పండి. ఎవరూ భయపడకండి."

"చెప్తానే ఉన్నారండి టీచర్, చెప్తానే ఉండి ఆగిపోయేరండి," అంది ముందు బెంచీ అమ్మాయి. "చెయ్యి కిందకి వచ్చేసిందండి. మేం పిలిచేం కూడానండి."

"కళ్ళు మూసుకున్నానా?"

"లేదండి. తెరిచే ఉన్నాయండి. మా వంకే చూస్తున్నారండి."

ఆ మాటకి నాకు మణికట్టు మంట కూడా తెలియలేదు. కళ్ళు మూతపడితే పట్టుకోవచ్చు, గిల్లుకోవచ్చు. కళ్ళు తెరిచి ఉండగానే మనిషి మాయమైపోతే ఎవరు పట్టుకుంటారు? అక్కడికక్కడే దీపం ఆర్పించి, ఇది ఏమిటో తేలేవరకు మళ్ళీ నిప్పు ముట్టుకోకూడదని నిశ్చయించుకున్నాను.

రెండ్రోజుల్లో ఊరంతా పాకింది. హెడ్మాస్టరుగారు మంచివారే కానీ నెమ్మదస్తులు. నన్ను గదిలోకి పిలిచి, బల్ల మీద కాగితాలు అటూ ఇటూ సర్దుతూ మొదలెట్టారు.

"టీచరుగారూ, ఊళ్ళో మాటొస్తోందండి. మూర్ఛ అంటున్నారండి. స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారు కబురు పంపేరు. ఆడపిల్లల తండ్రులు భయపడుతున్నారట. మీరు కొన్నాళ్ళు సెలవు పెట్టుకుంటే బాగుంటుందేమోనండి."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళండి?"

ఆయన మళ్ళీ కాగితాలు సర్దడంలో పడ్డారు. నాకు అర్థమైంది.

"మూర్ఛో కాదో డాక్టరు చెప్పాలి కదండి. నాకు ఒక్క వారం ఇవ్వండి. తెలుసుకుని వచ్చి, కమిటీ అందరి ముందూ నేనే చెప్తాను. మూర్ఛే అయితే మీరు అడగక్కర్లేకుండానే మానేస్తాను."

"ఆయ్, అలాగేనండి," అన్నారాయన. ఆ మాట అన్నాక కాస్త తేలికపడ్డట్టు కనిపించారు.

అమలాపురంలో మేం చూపించుకునే డాక్టరుగారు అంతా విని, నాడి పట్టుకోవడం మానేసి, విశాఖపట్నంలో ఒక నరాల డాక్టరుగారి పేరు చెప్పి పంపారు. అత్తగారు నాకన్నా ముందే సంచీ సర్దింది.

"నువ్వు రైల్లో నిద్దరోతే ఏ కటకంలోనో తేల్తావు. నేనొస్తాను," అంది. ఆవిడ అప్పటిదాకా రైలెక్కలేదు. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళి, అక్కడ రైలెక్కాం. తుని దాటేదాకా ఆవిడ కిటికీ వదల్లేదు. నేను మాత్రం దారి పొడుగునా నిద్రపోయాను. అనకాపల్లిలో లేపి, "ఇన్ని కొండలు చూసేను, నువ్వు ఒక్కటీ చూళ్ళేదు," అని జాలిపడింది.

డాక్టరుగారు నడివయసు మనిషి. తక్కువ మాటలు. నేను చెప్పేది మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. గొడుగు వాక్యం చెబితే ఆయనకి నవ్వొచ్చింది, వెంటనే కలం తీసి దాన్ని రాసుకున్నారు. తర్వాత ఉన్నట్టుండి అడిగారు.

"గట్టిగా నవ్వినప్పుడు కాళ్ళు పట్టు తప్పుతాయా?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు ముందుకి జరిగింది. "మీకెలా తెలిసిందండి బాబూ? బిందె సొట్టపోయింది కూడానండి."

మర్నాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక పరీక్ష పెట్టారు. ఒకతను టేపుతో నా తల కొలిచి, అక్కడక్కడ గుర్తులు పెట్టి, జిగురులాంటి ముద్దతో సన్నటి బిళ్ళలు అతికించాడు. ఒక్కొక్క బిళ్ళ నుంచి ఒక్కొక్క తీగ. అన్నీ జడలా కలిసి ఒక పెద్ద యంత్రంలోకి వెళ్ళాయి. యంత్రం మీద కలాల వరస. కింద నుంచి మడతల కాగితం జారుతుంటే కలాలన్నీ ఒకేసారి గరగరమని గీతలు గీస్తున్నాయి. నా చేతిలో ఒక మీట పెట్టారు. డాక్టరుగారు పెన్సిలుతో బల్ల మీద కొట్టినప్పుడల్లా నేను మీట నొక్కాలి. కాసేపు కళ్ళు మూసుకుని, కాసేపు తెరిచి.

"నిద్రపోకూడదు," అన్నారు.

"నిద్రపోనండి," అన్నాను. పరీక్షల్లో ఎప్పుడూ వెనకబడని మనిషిని. ప్రతి దెబ్బకీ నొక్కాను. ఒక్కటి కూడా వదల్లేదని ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్పగలను.

అంతా అయ్యాక జిగురు కడుక్కుని వచ్చేసరికి, బల్ల మీద కాగితం పొడుగ్గా పరిచి ఉంది. నన్నూ, అత్తగారినీ దగ్గరకి పిలిచారు.

"ఇది చూడండి. మీరు కళ్ళు మూసుకుని మెలకువగా ఉన్నారు." గీత దువ్వెన పళ్ళలా, దగ్గరదగ్గరగా, ఒకే తీరుగా ఉంది. "ఇక్కడికి రండి." దువ్వెన పళ్ళు ఉన్నట్టుండి మాయమయ్యాయి. వాటి బదులు వెడల్పుగా, తీరూ తెన్నూ లేకుండా, నెమ్మదిగా పోయే అలలు. జానెడు దూరం అలా పోయి, మళ్ళీ దువ్వెన పళ్ళు మొదలయ్యాయి. "ఈ ముక్కలో మీరు నిద్రపోయారు. కొద్ది సెకన్లే."

"లేదండి, నేను వింటూనే ఉన్నాను."

ఆయన వాదించలేదు. గీతల అడుగున చిన్న చిన్న గుర్తులు చూపించారు. పై వరస పెన్సిలు దెబ్బలు. కింది వరస నేను మీట నొక్కినవి. ఒకదాని కింద ఒకటి సరిగ్గా వస్తున్నాయి. అలలు వెడల్పైన చోట మాత్రం పైన గుర్తులున్నాయి, కింద ఏమీ లేవు.

కాగితాన్ని ఇంకొంచెం ముందుకి జరిపారు. "ఇక్కడైతే మీ కళ్ళు తెరిచే ఉన్నాయి. అయినా చూడండి, అదే మాదిరి."

"నిజమేనమ్మా," అంది అత్తగారు మెల్లిగా. "నువ్వు నా వంకే చూస్తన్నావు. ఆయన కొట్టేరు, నువ్వు నొక్కలేదు. చెప్దామనుకున్నాను, మాట్లాడద్దన్నారని ఊరుకున్నాను."

నేను ఆ కాగితం మీద వేలు పెట్టి, మెలకువ నుంచి కునుకులోకీ, కునుకు నుంచి మెలకువలోకీ రెండు మూడుసార్లు జరిపాను. నేను భయపడతాననుకున్నాను, భయం వెయ్యలేదు. అన్నాళ్ళూ నాకు ఆ క్షణాలంటే గుంటలు, ఏమీ లేని చోట్లు. కాగితం మీద చూస్తే ఎక్కడా ఖాళీ లేదు. కలం ఒక్క చోట కూడా ఆగలేదు. నా మెదడు పని మానలేదు, పని తీరు మార్చుకుందంతే.

"మూర్ఛ అంటున్నారండి మా ఊళ్ళో," అన్నాను.

"మూర్ఛలో గీతలు సాధారణంగా ఇలా ఉండవు. సూదిమొనల్లా పైకి లేస్తాయి. మీ కాగితంలో అలాంటిది ఒక్కటీ లేదు. మీరు చెప్పిన లక్షణాలు కూడా మూర్ఛవి కావు. ఇది నిద్రకి సంబంధించిన జబ్బు." నార్కోలెప్సీ అని పేరు చెప్పారు. సైన్సు టీచరునై ఉండి ఆ మాట నేను మొదటిసారి వింటున్నాను. "నిద్రకీ మెలకువకీ మధ్య ఉండే తలుపు మీకు సరిగ్గా గడియ పడదు. నవ్వితే కాళ్ళు సడలడం కూడా అందులో భాగమే. కలలో మన ఒళ్ళు కదలకుండా మెదడు పట్టి ఉంచుతుంది. ఆ పట్టు మీకు మెలకువలోనే పడుతుంది."

"మరి గొడుగు ఎవరు రాశారండి?"

ఆయన తాను రాసుకున్న ఆ వాక్యాన్ని ఇంకోసారి చూశారు. "రాయడం మీ చేతికి బాగా అలవాటైన పని. దాన్ని నడిపే భాగం ఇంకా నడుస్తూ ఉండొచ్చు. ఏం రాస్తున్నామో చూసుకునే భాగం నిద్రపోయి ఉండొచ్చు. ఆ మధ్యలో ఒక కల ముక్క దూరింది. అంతకు మించి నాకూ తెలియదండీ. ఎవరికీ పూర్తిగా తెలియదు."

ఆ చివరి మాటతోనే ఆయన మీద నాకు గురి కుదిరింది.

పూర్తిగా పోదన్నారు. పొద్దున్న వేసుకోవడానికి ఒక మాత్ర రాశారు. దానికన్నా ముఖ్యం, కునుకు వచ్చేదాకా ఆగకుండా మధ్యాహ్నం ముందుగానే కాసేపు పడుకోమన్నారు. నిప్పు దగ్గర, నీళ్ళ దగ్గర ఒంటరిగా ఉండొద్దన్నారు. నేను బతిమాలితే ఆ కాగితంలోంచి ఒక ముక్క కత్తిరించి ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో నేను మేలుకుని ఉన్నంతసేపూ దాన్నే చూశాను. నేను నిద్రపోయినప్పుడు అత్తగారు చూసిందట.

కమిటీ సమావేశం హెడ్మాస్టరుగారి గదిలో, మధ్యాహ్నం భోజనాల తర్వాత పెట్టారు. మంచి ఎండ, కరెంటు లేదు. ప్రెసిడెంటుగారు కొబ్బరికాయల వ్యాపారి, రెండు బస్సులు కూడా తిప్పేవారు. తెల్లటి లాల్చీతో వచ్చి, పెద్ద కుర్చీలో సర్దుకుని కూర్చుని, సూటిగానే అడిగారు.

"అమ్మా, మీరు బాగా చెప్తారని మా పిల్లలే అంటారు. కాదన్ను. కానీ పాఠం చెప్పే టీచరుగారు నిద్రపోతే పిల్లల గతేంటండి? రేపు ఇంకేదైనా అంటుకుంటే?"

"మీరడిగింది న్యాయమేనండి," అన్నాను. "నిప్పుతో చేసే ప్రయోగాలు ఇక నేను ఒంటరిగా చెయ్యను. లెక్కల మాస్టారు పక్కనుంటానన్నారు. మిగతాది నేను చెప్పేకన్నా చేసి చూపిస్తే బాగుంటుంది. ఒక చిన్న పరీక్షండి. అందరూ కళ్ళు మూసుకోండి. నేను పెన్సిలుతో కొట్టినప్పుడల్లా వేలు పైకెత్తండి. అంతే."

ఒకరి మొహం ఒకరు చూసుకుని, సరదా పడినట్టే కళ్ళు మూసుకున్నారు. హెడ్మాస్టరుగారు కూడా మూసుకున్నారు. నేను కొట్టడం మొదలుపెట్టాను. కాస్త కాస్త ఎడంగా, నిదానంగా. మొదట్లో వేళ్ళన్నీ ఠక్కున లేచాయి. కాసేపటికి ప్రెసిడెంటుగారి వేలు ఆలస్యంగా లేచింది. ఇంకాసేపటికి సగం లేచి ఆగింది. తర్వాత ఎంత కొట్టినా లేవలేదు. గడ్డం లాల్చీకి ఆనింది. మిగతావాళ్ళు కళ్ళు తెరిచి ఆయన వైపే చూస్తున్నారు.

గట్టిగా ఒక్క దెబ్బ కొట్టాను. ఆయన తలెత్తారు.

"ఏంటండీ, ఇంకా మొదలెట్టలేదేంటి?"

"మొదలెట్టడం, అయిపోవడం కూడా అయిపోయిందండి," అన్నారు హెడ్మాస్టరుగారు.

గది దద్దరిల్లింది. నేను ముందే కుర్చీలో బాగా వెనక్కి చేరబడి, కడుపారా నవ్వుకున్నాను.

"నేనెక్కడ నిద్రపోయేనండి? కళ్ళు మూసుకున్నానంతే," అన్నారు ప్రెసిడెంటుగారు.

"నేను కూడా డాక్టరుగారితో అచ్చం ఇదే మాటన్నానండి." కాగితం ముక్క తీసి ఆయన ముందు పరిచాను. ఏది మెలకువో, ఏది కునుకో, దెబ్బ గుర్తు ఎక్కడో, మీట గుర్తు ఎక్కడ లేదో చూపించాను. "ఇది మూర్ఛ కాదండి. భోంచేసి ఎండవేళ కూర్చుంటే మీకొచ్చింది చూశారూ, అదే. మీకు ఎప్పుడో వస్తుంది. నాకు తరచుగా వస్తుంది. మధ్యాహ్నం కాసేపు పడుకోనిస్తే చాలావరకు రాకుండా చూసుకోగలను. భోజనం తర్వాత మొదటి పీరియడ్ నాకు ఖాళీ ఇవ్వండి, బదులుగా పొద్దున్న ఒకటి ఎక్కువ చెప్తాను."

ఆయన కాగితాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ లెక్కన మిమ్మల్ని తీసేస్తే నన్నూ తీసెయ్యాలన్నమాట," అన్నారు చివరికి. "కానివ్వండి హెడ్మాస్టరుగారూ. టైంటేబులు మార్చండి."

అందరూ ఒప్పుకున్నారని కాదు. ఒక తండ్రి ఆ నెలలోనే తన కూతుర్ని వేరే బళ్ళో చేర్పించాడు. మాత్రల వల్ల కొన్ని రోజులు తలనొప్పితో ఒక్క మెతుకు సయించేది కాదు. అప్పుడప్పుడూ బల్ల మీద అక్షరాలు చీమల బారులా కిందికి జారిపోయేవి కూడా. అయితే ఇప్పుడు పిల్లలకి సంగతి తెలుసు. "టీచర్, జారుతున్నారండి," అని ఎవరో ఒకరు అనేవారు. నేను సుద్దముక్క పక్కన పెట్టి, కిటికీ దాకా నడిచి, తిరిగి వచ్చేదాన్ని. మధ్యాహ్నం సైన్సు గదిలో పొడుగు బల్ల మీద పడుకుంటే బయట పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు. నా మణికట్టు మచ్చని ఎప్పుడూ జాకెట్టు చేతి కింద దాచుకోలేదు.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ మెదడు పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో లేని ఒక్క పీరియడ్ కలిపి చెప్పేదాన్ని. బల్ల మీద దువ్వెన పళ్ళు గీసి, పక్కన వెడల్పాటి అలలు గీసి, ఇది నా మెదడే అని చెప్పేదాన్ని. ఎనభైల నడుమ ఒక ఏడాది, పదో తరగతి అమ్మాయి లేచి అడిగింది.

"టీచర్, బండి తోలేవాళ్ళక్కూడా వస్తుందాండి?"

"ఎవరికైనా వస్తుందమ్మా. వాళ్ళకి వస్తే మరీ ప్రమాదం. ఎందుకు?"

ఏం లేదండీ అని కూర్చుంది. వారం తిరక్కుండా వాళ్ళ నాన్న వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాలు. రాజోలు నుంచి అమలాపురం బస్సు తోలే డ్రైవరు. వరండాలో నిలబడ్డాడే గాని కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మాయి అడిగిందండి, 'నాన్నా, దారి గుర్తులేకుండా ఎప్పుడైనా వెళ్ళేవా' అని. అది అడిగిన కాణ్ణించీ నాకు అన్నం సయించట్లేదండి."

"వెళ్ళేరా మరి?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మొన్న మిట్టమధ్యాహ్నమండి. గన్నవరం అక్విడెక్టు వంతెన ఎక్కడం గుర్తుందండి. దిగడం గుర్తులేదండి. కింద గోదారి, పక్కన చూస్తే చిన్న గోడ, బస్సు నిండా జనం. తేరుకునేసరికి అవతల రోడ్డు మీదున్నానండి. కళ్ళు మూసుకుపోలేదండి, ఒట్టండి. ఎవరికీ చెప్పలేదండి. చెప్తే డ్రైవరు పని ఉంటుందాండి?"

"మీరు నాకు చెప్పేరు కదండి, అదే పెద్ద పని," అన్నాను. పొద్దున్నే ఎన్నింటికి లేస్తున్నారు, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఏం చేస్తున్నారు అని అడిగాను. ఆయన చీకటితో లేచి, రాత్రిదాకా తోలుతున్నాడు. మధ్యలో టీ తాగి బీడీ కాల్చడమే విశ్రాంతి. "మీది నా జబ్బు కాదండి. మీకు నిద్ర చాలట్లేదు. టీ, గాలి, పాటలు, ఇవేవీ కునుకుని ఆపలేవు. ట్రిప్పు మొదలెట్టేముందు కాసేపు పడుకోవాలి. దారి గుర్తులేదనిపించిందా, ఆ క్షణమే పక్కకి తీసి ఆపెయ్యాలి."

"డ్రైవరు నిద్రపోతే ఓనరుగారు ఊరుకుంటారాండి?"

ఆ బస్సు ఓనరు ఎవరో కాదు, మా ప్రెసిడెంటుగారే. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారు కూడా వచ్చింది. డ్రైవరు సంగతి దాచకుండా చెప్పి, పని తీసెయ్యనని ముందు మాటిమ్మని అడిగాను. ఆయన వెంటనే ఇవ్వలేదు. ఆ బస్సులో వాళ్ళ కోడలూ, మనవలూ కూడా తిరుగుతుంటారు.

"నాకైతే పెద్ద కుర్చీ ఉందమ్మా, పడినా దాన్లోనే పడతాను," అన్నారు చివరికి. "వాడు అక్విడెక్టు మీద ఉన్నాడు. ఏం చెయ్యమంటారు?"

"అమలాపురంలో బస్సు ఆగే చోట ఒక మంచం వేయించండి."

మంచం వేయించారు. టిక్కెట్లు కోసే పాక వెనక, నవారు మంచం. మధ్యాహ్నం ట్రిప్పు ముందు ఆయన దాని మీద పడుకోవాలి, కండక్టరు లేపాలి. మొదట్లో మిగతా డ్రైవర్లు 'దొరగారి మంచం' అని ఎగతాళి చేశారట. ఏడాది తిరిగేసరికి వాళ్ళు కూడా వంతులు వేసుకున్నారు. ఆ డ్రైవరుగారికి మళ్ళీ దారి గుర్తులేకుండా పోవడం జరగలేదని వాళ్ళమ్మాయి నాకు చెప్పింది. ఆ అమ్మాయి తర్వాత నర్సు ట్రైనింగుకి వెళ్ళింది.

నెలకి ఒకటి రెండుసార్లు మాత్రల కోసం నేను అమలాపురం వెళ్ళేదాన్ని. ఆ డ్రైవరుగారి బస్సు కోసం ఒక ట్రిప్పు ఆగి మరీ ఎక్కేదాన్ని. ఆయన అద్దంలో చూసి తలూపేవారు. తాటిపాక రాకముందే నాకు నిద్ర ముంచుకొచ్చేది. గిల్లుకునేదాన్ని కాదు, అల్లం నమిలేదాన్ని కాదు. కిటికీ ఊచకి తల ఆనించి హాయిగా పడుకునేదాన్ని. అమలాపురంలో కండక్టరు లేపితే, జుట్టు సవరించుకుని దిగి, మందుల షాపు వైపు నడిచేదాన్ని. అప్పటికే ఆయన చొక్కా విప్పి పాక కొక్కేనికి తగిలించి, మంచం ఎక్కేవారు.